రంగు చెప్పాలంటే రాశి కావాలి

ఫోన్లో ఒక స్టాంపు ఫోటో వస్తుంది. దాని కింద రెండు ప్రశ్నలుంటాయి. "తాతగారూ, ఇది ఏ షేడు?" అన్నది మొదటిది. "ఎంత పలుకుతుందంటారు?" అన్నది రెండోది. రెండూ నిమిషంలో తేలిపోవాలి. ఫోటో చూసి చెప్పలేను నాన్నా, స్టాంపు పట్టుకుని పగటిపూట ఇంటికి రా అంటే ఆ అబ్బాయికి ఓపికుండదు. అదే ఫోటో ఇంకెవరికో పంపిస్తాడు. ఆయనెవరో ఠక్కున ఒక పేరు చెప్పేస్తాడు. ఆ పేరు ఆల్బంలో స్టాంపు కింద సిరాతో ఎక్కిపోతుంది. స్టాంపుల సేకరణ ఇవాళ ఈ దారిన పడింది. దీనిమీద నాకు కోపముంది. దాచుకోను.

మా రోజుల్లో రంగు చెప్పడం తేలికగా ఉండేదని నేననను. స్టాంపుల్లో అన్నిటికన్నా కష్టమైంది ఎప్పుడూ రంగే. అంచున పళ్లు లెక్కపెట్టడానికి గేజి ఉంది. కాగితంలో వాటర్‌మార్కు చూడాలంటే నల్ల పళ్లెంలో స్టాంపుని బోర్లా పెట్టి రెండు చుక్కల బెంజీను వేస్తే చాలు. బొమ్మలో తేడా ఉంటే భూతద్దం పట్టిస్తుంది. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం కన్ను ఒక్కటే దిక్కు. ఆ కంటికి చదువు చెప్పాలి. ఆ చదువు ఒక్క స్టాంపుతో రాదు, రాశితో వస్తుంది. మేం ఆ రాశి ముందు కూర్చున్నాం. ఇవాళ్టి వాళ్లు కూర్చోనంటున్నారు. నా గొడవంతా ఇక్కడే.

మా గోదావరి జిల్లాలో ప్లీడర్ల ఇళ్లలో, కరణాల ఇళ్లలో, ధాన్యం కొట్లలో పాత ఉత్తరాలు అటకల మీద ట్రంకుపెట్టెల నిండా ఉండేవి. అడిగితే ఇచ్చేవాళ్లు. వాటిలో ఎక్కువ ఏముంటాయి? అర్ధణావి, అణావి, బేడవి. కార్డుకీ కవరుకీ కావలసిన విలువకి చాలకపోతే పక్కన అంటించే మూడు పైల స్టాంపు, అంటే కానీ స్టాంపు. అంతా ఐదో జార్జి బొమ్మే. డబ్బుపరంగా విలువలేని సరుకు. మా చదువంతా ఆ సరుకు మీదే సాగింది.

ఆ కానీ స్టాంపు సంగతే దగ్గరగా చూద్దాం. కేటలాగు తెరిస్తే దానికి బూడిద రంగు అని ఒక్క మాట రాసి ఊరుకోరు. లేత బూడిద, నీలి జీర బూడిద, పలక రంగు, ఊదా జీర ఉన్న పలక రంగు అని వరస ఉంటుంది. ఒక్కటి చేతిలో పెట్టుకుని చూస్తే అది బూడిదగానే కనిపిస్తుంది. లేతదా ముదురుదా, నీలమా ఊదానా అని ఎంతసేపు చూసినా తేలదు. యాభై ఒకచోట పోసి చూడండి. ముందు ముదురు ఒక పక్కకి, లేత ఒక పక్కకి విడిపోతాయి. కాసేపు పోయాక ముదురువాటిలోనే కొన్ని నీలం వైపు, కొన్ని ఊదా వైపు ఒరుగుతాయి. అంతదాకా కనిపించని తేడా, పక్కన ఇంకోటి ఉండేసరికి తనంతట తానే పైకి తేలుతుంది.

దానికో పద్ధతి ఉండేది. ఉత్తరం కిటికీ దగ్గర బల్ల వేసుకోవాలి. అటునుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు నిలకడగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున ఆ పని ముట్టుకునేవాళ్లం కాదు. స్టాంపుల కింద తెల్లకాగితం పెట్టకూడదు, మెరుపు కన్నుని మోసం చేస్తుంది. మసక బూడిద అట్ట పెట్టాలి. అలాంటి అట్టకే చిన్న చిల్లు చేసుకుని, ఆ చిల్లులోంచి రెండు స్టాంపుల్లో ఒకే చోటుని చూడాలి. ఏ చోటు? బొమ్మలో సిరా గట్టిగా పరుచుకున్న చోటు. రాజుగారి చెంప చూస్తే లాభం లేదు. అక్కడ సన్నసన్న గీతలుంటాయి, గీతల మధ్య కాగితం తెలుపు ఉంటుంది, ఆ తెలుపు కలిసి అసలు రంగు పల్చబడి కనిపిస్తుంది. తపాలా ముద్ర నలుపు పడ్డచోటు కూడా వదిలెయ్యాలి. నలుపు పక్కనున్న రంగు ఉన్నదానికన్నా లేతగా కనిపిస్తుంది.

అలా వేరుచేశాక అప్పుడు ముద్రలోని తేదీ చదవాలి. అసలు ఆనందం అక్కడుంది. మనం రంగుని బట్టి కట్టిన కుప్పలో తేదీలు కూడా దగ్గరదగ్గరగా వస్తే, ఆ కుప్ప నిజమైన షేడు అన్నమాట. ఫలానా కాలంలో ఆ సిరాతో అచ్చైన సరుకు అది. తేదీలు చెల్లాచెదురుగా ఉంటే అనుమానించాలి. ఎండకి వెలిసిందో, నీళ్లలో నానిందో, చెమ్మకి కాగితం పచ్చబడిందో చూడాలి. వాటర్‌మార్కు ఇంకో సాక్షి. లండన్‌లో డి లా రూ కంపెనీ వేసిన వాటిలో ఒక్కో స్టాంపుకి ఒక్కో నక్షత్రం ఉంటుంది. 1926 నుంచి నాసిక్ ముద్రణాలయంలో అచ్చైన వాటిలో చిన్న నక్షత్రాలు గుంపుగా కనిపిస్తాయి. ఈ రెండూ కలిపేసి రంగులు పోల్చడం మొదలుపెడితే పని మొదట్లోనే చెడుతుంది. ముందు నక్షత్రం చూసి వేరుచేసి, ఆ తర్వాతే రంగు ముట్టుకోవాలి.

ఇప్పుడు ఈ వరస ఎవరు పాటిస్తున్నారు? తేదీ చదివేవాడే లేడు. శుభ్రమైన స్టాంపు కావాలంటారు, ముద్ర పడితే ముఖం చిట్లిస్తారు. ముద్ర లేని స్టాంపు తన పుట్టుక తాను చెప్పలేదని వీళ్లకి ఎవరు చెప్పాలి?

అసలు ఒకే స్టాంపుకి ఇన్ని రంగులు ఎందుకొస్తాయో కూడా తెలుసుకోరు. అప్పట్లో రంగుపొడిని నూనెతో నూరి సిరా చేసేవాళ్లు. ఒక వాయి అయిపోతే ఇంకో వాయి కలపాలి. వాయి వాయికీ పాళ్లు వెంట్రుకవాసి మారేవి. అచ్చుపలక మీద సిరా మందంగా పడితే ముదురు, పల్చగా పడితే లేత. కాగితం మారితే అదే సిరా ఇంకోలా ఇంకుతుంది. మన దేశంలో 1854లో కలకత్తా సర్వే ఆఫీసులో కెప్టెన్ థుయిలియర్ రాతిఅచ్చు మీద అర్ధణా స్టాంపులు వేయించినప్పుడు మొదట సింధూరం రంగులో వేశారు. ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న ఆ రంగు అయిపోయింది. ఆ స్టాంపు జనం చేతికి రానేలేదు, అర్ధణా నీలంలో విడుదలైంది. ఆ నీలం కూడా ఒక్కలా కుదరలేదు. లేత నీలం దగ్గర్నుంచి నీలిమందు రంగు దాకా వచ్చింది.

ఇంగ్లండులో మాత్రం? 1840లో నల్ల పెన్నీ స్టాంపు వచ్చింది. నలుపు మీద కొట్టిన ఎర్ర ముద్రని తుడిచేసి జనం మళ్లీ వాడుకుంటారన్న భయంతో మరుసటేడే స్టాంపుని ఎరుపు చేశారు. ఆ ఎర్ర పెన్నీ దశాబ్దాల తరబడి నడిచింది. సిరాలోని రసాయనం తగిలి చాలాకాలం దాని కాగితమే నీలిజీర తేలింది. నీలం కాగితం మీది ఎరుపు, తెల్ల కాగితం మీది ఎరుపు ఒక్కలా కనిపిస్తాయా? 1856లో పెర్కిన్ అనే కుర్రవాడు తారునుంచి ఊదారంగు తీశాక రసాయన రంగుల కాలం వచ్చింది. అందులో జర్మనీదే పైచేయి అయింది. 1914లో యుద్ధం రాగానే ఆ సరుకు ఇంగ్లండుకి ఆగిపోయింది. ముద్రాపకులు దొరికినదాంతో సర్దుకున్నారు. ఐదో జార్జి కాలపు బ్రిటిష్ స్టాంపుల్లో షేడ్లు అంత విరివిగా ఉండటానికి అదొక కారణం. ఒక చిన్న కాగితం ముక్క రంగు మారిందంటే దాని వెనక ఓడలు ఆగాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇది తెలిసినవాడికి షేడు అంటే చరిత్ర. తెలియనివాడికి ధర పెంచే విశేషణం.

రంగుకి అప్పుడు ఒక ఉద్యోగం కూడా ఉండేది. 1897లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ తపాలా సంఘం సమావేశం విదేశీ టపాకి మూడు రంగులు సూచించింది. అచ్చుకాగితాలకి పచ్చ, కార్డుకి ఎరుపు, ఉత్తరానికి ముదురు నీలం. దాని ప్రకారం మన స్టాంపులు కూడా 1900 ప్రాంతంలో వరసగా రంగులు మార్చుకున్నాయి. అణా స్టాంపు ఎర్రబడింది, రెండున్నర అణాలది పచ్చ నుంచి నీలానికి మారింది. టపా వేరుచేసే గుమాస్తా అంకె చదవనక్కర్లేకుండా రంగు చూసి విలువ చెప్పేవాడు. అలాంటి స్టాంపులు చూస్తూ పెరిగినవాడికి రంగు చూడటం ఊపిరి పీల్చినంత అలవాటు. ఇప్పటి స్టాంపు చూడండి. నాలుగు సిరాల చుక్కలతో అచ్చైన రంగుల ఫోటో. ఐదు రూపాయలదీ ఇరవై రూపాయలదీ రంగుని బట్టి చెప్పలేరు. కవర్ల మీద అది కూడా కనిపించడం మానేసి, కౌంటరులో అంటించే బార్‌కోడు కాగితం వచ్చింది. చిన్నపిల్లాడి కన్ను ఎక్కడ పదునెక్కుతుంది?

మా అమ్మావాళ్లు చీర కొంటే కొట్టులో దీపం కింద రంగు ఒప్పుకునేవాళ్లు కాదు. పట్టుకుని వీధిగుమ్మంలోకొచ్చి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసేవాళ్లు. చిలకపచ్చ వేరు, పాచిరంగు వేరు, మామిడిచిగురు వేరు. నేరేడుపండు రంగుకీ వంకాయ రంగుకీ తేడా తెలియని మనిషిని వాళ్లు లెక్కలోకే తీసుకునేవాళ్లు కాదు. స్టాంపు చూడటం కూడా అచ్చం అంతే. వెలుతురు మారితే రంగు మారుతుంది. రెండు వేర్వేరు రంగుపొడులతో చేసిన సిరాలు ట్యూబులైటు కింద కవలపిల్లల్లా కనిపించి, ఎండలోకి తెచ్చేసరికి విడిపోతాయి. దీపంలో ఏయే రంగుల కాంతి ఎంతెంత ఉందో, సిరా అందులో దేన్ని మింగి దేన్ని వదులుతుందో, ఆ లెక్కని బట్టే మన కంటికి రంగు అందుతుంది. పాత బల్బులో పసుపు పాలు ఎక్కువ. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాల్లో ఒకటి తెల్లగా, ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా ఉంటుంది. ఒకే ఇంట్లో మూడు గదుల్లో మూడు వెలుతుర్లు. రాత్రి పదింటికి మంచం మీద కూర్చుని షేడు తేల్చేస్తామంటే ఎలా?

ఇక ఫోను సంగతి. ఫోన్లో కెమెరా మనం చూసింది చూసినట్టు చూపించదు. ఎదురుగా ఉన్నవాటిలో తెలుపేదో తనే ఊహించుకుని, దానికి తగ్గట్టు మిగతా రంగులన్నీ సర్దుతుంది. మన కోస్తా చెమ్మకి పచ్చబడిన స్టాంపు కాగితాన్ని అది తెలుపు అనుకుందంటే నీలం అంతా ఇంకోపక్కకి జరిగిపోతుంది. ఆ పైన ఫోటోని అందంగా చూపించాలని రంగులు కాస్త గాఢం చేస్తుంది. పంపించేటప్పుడు ఫోటో నలిగి చిన్నదవుతుంది. నా ఫోను తెర నా రంగులు చూపిస్తుంది, నీ ఫోను తెర నీ రంగులు చూపిస్తుంది. ఇన్ని చేతులు మారాక నా దగ్గరికి చేరింది స్టాంపు రంగు అని ఎలా నమ్మను? ఫోటో తప్పనిసరైతే ఒక్క దారుంది. రంగు నిర్ధారణగా తెలిసిన స్టాంపుని, తెలియని స్టాంపుని పక్కపక్కన పెట్టి ఒకే స్కానులో తియ్యాలి. అప్పుడు కనీసం రెండిటికీ తేడా ఉందా లేదా అన్నది తెలుస్తుంది. ఆ మాట చెబితే "రెండో స్టాంపు నా దగ్గర లేదండీ" అంటారు. అందుకే రాశి కావాలనేది.

కేటలాగు పేర్లతో ఇంకో తంటా. ఇంగ్లండులో స్టాన్లీ గిబ్బన్స్ వాళ్లు ఒక పేరు రాస్తారు, అమెరికాలో స్కాట్ వాళ్లు దానికే ఇంకో పేరు రాస్తారు, జర్మనీలో మిషెల్ వాళ్లది మరో దారి. ఒకరు నాలుగు షేడ్లు విడదీసిన చోట ఇంకొకరు ఒక్కటే రాసి సరిపెడతారు. గిబ్బన్స్ రంగుల పట్టీలో 200 రంగులుంటాయి. మంచి పనిముట్టే, కాదనను. కానీ ఆ పట్టీలో రంగు అట్టమీద గట్టిగా పరిచి ఉంటుంది. స్టాంపులో అదే రంగు గీతలుగా, చుక్కలుగా విడిపోయి ఉంటుంది. పట్టీ కూడా ఎండ తగిలితే వెలుస్తుంది. రెండు రంగుల పేరు కలిపి రాసినప్పుడు చివరి పేరే అసలు రంగన్న సంగతి కూడా తెలియకుండా పట్టీ కొనేసి, స్టాంపు మీద ఆనించి, పేరు చదివేసి అయిపోయిందంటారు. మేం కేటలాగు పేరుని ఆఖరున చూసేవాళ్లం. ముందు మా కుప్పలు మేం కట్టుకుని, వాటికి అంకెలేసుకుని, అప్పుడు ఏ కుప్పకి ఏ పేరు నప్పుతుందో వెతికేవాళ్లం. పేరు దొరక్కపోతే అంకెతోనే ఉంచేవాళ్లం.

ఒకరి కంటిమీద భారం వెయ్యడం కూడా మా పద్ధతి కాదు. మగవాళ్లలో ఎరుపూ పచ్చా తేడా సరిగ్గా తెలియనివాళ్లు ఆడవాళ్లలోకన్నా చాలా ఎక్కువ. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. వయసు పైబడ్డకొద్దీ కంట్లోని కటకం పచ్చబడి నీలాలు మసకబారతాయి. శుక్లాల ఆపరేషను చేయించుకున్నవాళ్లు నీలం ఎంత నీలమో మళ్లీ చూసి ఆశ్చర్యపోవడం నేనెరుగుదును. అందుకే మా స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురం విడివిడిగా చూసి, ఎవరికి వారే కాగితం మీద రాసి, ఆ తర్వాత కాగితాలు తెరిచేవాళ్లం. మూడు కాగితాల్లో ఒకే మాట ఉంటేనే ఆల్బంలోకి. ఇప్పుడు ఒకడు చెప్పింది పదిమంది చదివి, ఆ పదిమందీ అదే తిరిగి చెబుతారు. దాన్ని పదిమంది సాక్ష్యం అనుకుంటారు.

నన్ను మరీ బాధపెట్టేది "కలర్ ఎర్రర్" అన్న మాటని వీధిలో పెట్టడం. రంగు తప్పు వేరు, షేడు వేరు. 1855లో స్వీడన్ తొలి స్టాంపుల్లో మూడు స్కిల్లింగులది నీలిపచ్చలో రావాలి. ఎనిమిది స్కిల్లింగుల స్టాంపుకి వాడే పసుపులో అచ్చైనది ఒక్కటి బయటపడింది. అది రంగు తప్పు. 1935లో ఐదో జార్జి రజతోత్సవానికి ఇంగ్లండు వేసిన రెండున్నర పెన్నీల స్టాంపు అల్ట్రామెరీన్ నీలంలో ఉండాలి. చూద్దామని ప్రష్యన్ నీలంలో వేసిన షీట్లు మామూలు సరుకులో కలిసిపోయి లండన్‌లో ఒక పోస్టాఫీసులో అమ్ముడైపోయాయి. అది కూడా ఆ కోవలోదే. సిరా వాయి మారి కాస్త లేతగా వచ్చినదాన్నీ, కిటికీలో పడుండి వెలిసిపోయినదాన్నీ కూడా అదే పేరుతో అమ్ముతుంటే కొనే పిల్లలు ఏమవుతారు?

ఏమవుతారో చూశాను. తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు విక్టోరియా రాణి బొమ్మ ఉన్న బేడ స్టాంపు తెచ్చి చూపించాడు. నారింజ రంగు రావలసిన స్టాంపు ముదురు గోధుమ రంగులో ఉంది. అపురూపమైన షేడని చెప్పి అమ్మినవాడు గట్టి డబ్బే తీసుకున్నాడు. భూతద్దం కింద పెట్టి అబ్బాయినే చూడమన్నాను. గోధుమ రంగు స్టాంపంతా సమంగా లేదు. అంచుల దగ్గర నల్లగా కమిలింది, మధ్యలో ఒకచోట మచ్చలా నారింజ మిగిలే ఉంది. సీసం కలిసిన నారింజ, పసుపు రంగులకి గాలిలోని గంధకం తగిలితే ఇలాగే కమిలిపోతాయి. రబ్బరుబ్యాండు చాలు, పొగ చాలు. కొన్నిటికి అది హైడ్రోజన్ పెరాక్సైడు ఆవిరితో మళ్లీ వెనక్కి తిరుగుతుంది. అది షేడు కాదు, జబ్బు. అబ్బాయి ముఖం పాలిపోయింది. ఆ డబ్బుతో వాడు కానీ స్టాంపులు కిలో లెక్కన కొనుక్కుని కన్ను పదును పెట్టుకుని ఉండేవాడు.

ఇలాంటి మార్పులు చాలా ఉన్నాయి. పచ్చ అంటే తరచు నీలం, పసుపు కలిపిన సిరా. ఎండకి పసుపు ముందు వెలిస్తే స్టాంపు నీలమై కూర్చుంటుంది. డి లా రూ వాళ్లు ఉత్తరాల మీద ముద్ర తుడిచి మోసం చెయ్యకుండా తేలిగ్గా చెరిగే పచ్చ, ఊదా సిరాలు వాడారు. 1880లలో ఇంగ్లండులో వచ్చిన ఆ పచ్చ స్టాంపుని నీళ్లలో నానబెడితే రంగు నీళ్లపాలే. ఇవాళ ఆల్బంలో వాడే చవక ప్లాస్టిక్ పొరలు ఏళ్లు గడిచేకొద్దీ జిడ్డు వదిలి రంగుని పీల్చేస్తాయి. అమెరికాలో 1861 నాటి మూడు సెంట్ల వాషింగ్టన్ స్టాంపుంది. దాని తొలి అచ్చుల 'పింక్' చాలా ఖరీదు. తర్వాత కోట్లకొద్దీ వేసిన 'రోజ్' కొద్దిపాటి డబ్బుకి దొరుకుతుంది. రోజ్ కాస్త వెలిసిందంటే దాన్ని పింక్ అనాలని ఎవరికైనా మనసు పీకుతుంది. మనసు పీకినప్పుడు కన్ను వినదు. అందుకే ధర తెలియకముందే రంగు చూడాలని పెద్దలు చెప్పేవాళ్లు.

యంత్రాలున్నాయి కదా అంటారు కుర్రాళ్లు. ఉన్నాయి. రకరకాల కాంతుల కింద సిరాని చూపించే పెట్టెలొచ్చాయి. ఎక్స్‌కిరణాలతో సిరాలో ఏ లోహముందో చెబుతున్నారు. సీసమా, క్రోమియమా, ఇనుమా తేల్చేస్తున్నారు. పెద్ద దేశాల్లో నిపుణుల సంఘాలు వాటిని వాడి, మాలాంటివాళ్ల కంటికి అందని సంగతులు బయటపెడుతున్నాయి. దానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఆ యంత్రం ముందు కూడా అనుమానమున్న స్టాంపు ఒక్కటీ పెడితే సరిపోదు. పక్కన అసలైన స్టాంపులు, ఏ కాలానివో తెలిసినవి పెట్టి పోల్చాల్సిందే. ఆ తెలిసినవి ఎక్కడినుంచి వస్తాయి? ఎవరో ఒక ముసలాయన ఏళ్ల తరబడి కిటికీ దగ్గర కూర్చుని, ముద్రల్లో తేదీలు చదివి, పేర్చిపెట్టిన కుప్పల్లోంచే వస్తాయి. యంత్రం కూడా మా రాశినే అడుగుతోంది.

ఆ రాశి మన కళ్లముందే పోతోంది. పాత ఇల్లు పడగొడితే అటకమీది ఉత్తరాలు కాగితాలవాడికి తూకానికి వెళ్తున్నాయి. స్టాంపు తెలిసినవాడి చేతిలో పడితే ఇంకో ఆపద. కవరు మూల కత్తిరించి స్టాంపు ఉంచుకుని, మిగతాది పారేస్తాడు. తేదీలో సగం కవరుతో పోతుంది, ఊరిపేరు పోతుంది. నిజాం రాజ్యపు అర్ధణా స్టాంపులు ఇలా ఎన్ని పాడయ్యాయో తలచుకుంటే కడుపు మండుతుంది. 1871లో మొదలైన ఆ స్టాంపు ముప్ఫై ఏళ్లకి పైగా అదే రూపంతో నడిచింది. దానిమీద విలువ నాలుగు భాషల్లో ఉంటుంది, అందులో మన తెలుగూ ఉంది. ఇటుక ఎరుపు, ఎరుపుజీర గోధుమ, నారింజజీర గోధుమ, ఎన్ని రంగుల్లో వచ్చిందో. వాటిని వరస పెట్టాలంటే వరంగల్లు ముద్ర, ఔరంగాబాదు ముద్ర, తేదీ ఉన్న నిండు కవర్లు కావాలి. ఈ పని లండన్‌వాళ్లు వచ్చి చేసిపెట్టరు. మన అటకలమీద ఉన్నది మనమే చూసుకోవాలి.

కాబట్టి తిట్టడంతో ఊరుకోను, చెయ్యాల్సింది కూడా చెబుతాను. ఇంట్లో పాత ఉత్తరాలుంటే కత్తెర పెట్టకండి. కవరు కవరుగానే ఉంచండి. ఖరీదైన స్టాంపు ఒకటి కొనే ముందు, ఆ డబ్బులో పదోవంతుతో చవక స్టాంపు ఒకే రకం యాభయ్యో వందో తెచ్చుకోండి. ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాట మీద పాతపుస్తకాల మధ్య వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. వాటర్‌మార్కు చూసి వేరుచెయ్యండి, పగటి వెలుతురులో పేర్చండి, తేదీలు రాసుకోండి. స్టాంపుల సంఘాలవాళ్లకీ ఒక మాట. పోటీలకి ఫ్రేములు కట్టడంతో పాటు ప్రతి సంఘంలోనూ తేదీలతో పేర్చిన షేడ్ల పెట్టె ఒకటి ఉండాలి. కొత్తగా వచ్చిన పిల్లవాడు తన స్టాంపు పట్టుకొచ్చి దాని పక్కన పెట్టి చూసుకునే వీలుండాలి. మాలాంటి పెద్దవాళ్లు తమ కుప్పలు కట్టలు విప్పకుండా ఆ పెట్టెకి ఇచ్చిపోవాలి. నావి నేను ఇస్తాను.

ఇంత చేశాక కూడా కొన్ని స్టాంపుల రంగు తేలదు. తేలకపోతే దాని కింద పేరు రాయకండి, ఖాళీ వదిలెయ్యండి. తప్పు పేరు రాసిన ఆల్బం తర్వాతివాడిని కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఖాళీ ఉంటే, అక్కడ ఇంకా చూడాల్సింది ఉందని వాడికి తెలుస్తుంది.